అమ్మానాన్న మొదటిసారి ఎవరి తోడూ లేకుండా వస్తున్నారు: హైదరాబాద్ – దోహా – డల్లాస్ – రాలీ. దోహాలో ఎలా?

నల్లమల_పిల్ల · ఆదివారం రాత్రి

అందరికీ నమస్తే. మా అమ్మానాన్న వచ్చే నెల మొదటిసారి అమెరికా వస్తున్నారు, విజిటర్ వీసా మీద. హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి డల్లాస్, మళ్ళీ అక్కడి నుంచి మా ఊరు రాలీ. మూడు విమానాలూ ఒకే టికెట్. దోహాలో మూడు గంటలు, డల్లాస్‌లో మూడుంబావు గంటలు వ్యవధి ఉంది.

నాన్న నంద్యాల డిపోలో ఆర్టీసీ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు చదువుతారు, మాట్లాడాలంటే మాత్రం మొహమాటం. అమ్మకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. మోకాళ్ళు నొప్పులే గానీ మెల్లగా నడుస్తుంది. నా భయమంతా దోహా గురించే. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో గేటు ఎలా వెతుక్కుంటారో అని నిద్ర పట్టడం లేదు. డల్లాస్ చేరితే ఇంక మన దేశంలోకి వచ్చేసినట్టే. హైదరాబాద్‌లో వేసిన సామాను ఎలాగూ నేరుగా రాలీకి వచ్చేస్తుంది, అదొక్కటే ధైర్యం.

డల్లాస్_పిన్ని · ఆదివారం రాత్రి

అమ్మాయీ, ఆ చివరి వాక్యం దగ్గరే ఆగు. సామాను నేరుగా రాదు. దోహాలో దాని మొహం చూడక్కర్లేదు, నిజమే. కానీ అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగుతారో అక్కడ పెట్టెలు బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. మీ వాళ్ళకు ఆ ఊరు డల్లాస్.

ఇక్కడే నూటికి తొంభైమంది మోసపోయేది. పెట్టెకు కట్టిన ట్యాగు మీద రాలీ అనే రాసుంటుంది. శంషాబాద్ కౌంటర్‌లో అమ్మాయి కూడా "లగేజీ రాలీ దాకా వేశానండీ" అంటుంది. రెండూ అబద్ధం కాదు. కానీ మధ్యలో డల్లాస్‌లో ఒకసారి మన చేతులమీదుగా వెళ్ళాలి. ఆ ముక్క ఎవరూ చెప్పరు. చెప్పకపోతే మీ నాన్నగారు ట్యాగు చదువుకుని, బెల్టు పక్కనుంచి దర్జాగా నడిచి వెళ్ళిపోతారు.

వరుస ఇదీ: విమానం దిగుతారు, ఇమిగ్రేషన్, బెల్టు దగ్గర పెట్టెలు, కస్టమ్స్. బయటికి రాగానే కనెక్టింగ్ వాళ్ళ కోసం సామాను మళ్ళీ అప్పగించే చోటు ఉంటుంది, అక్కడ ట్యాగు చూపించి వదిలేయాలి. కొత్త ట్యాగు అక్కర్లేదు, పాతది పీకేయకూడదు. తర్వాత సెక్యూరిటీ మళ్ళీ మొదటినుంచి. అది దాటాక స్కైలింక్ అని రైలు ఉంటుంది, డబ్బులేం లేవు, టెర్మినళ్ళన్నీ తిరుగుతుంది. అంతర్జాతీయ విమానాలు దిగేది డి టెర్మినల్‌లో. రాలీ విమానం వేరే టెర్మినల్ నుంచి ఉంటే ఆ రైలెక్కాలి.

దోహాలో ఒక పని, డల్లాస్‌లో ఆరు. భయపడాల్సింది దేనికో నువ్వే చెప్పు.

నల్లమల_పిల్ల · ఆదివారం రాత్రి

పిన్నిగారూ, గుండె ఆగినంత పనయింది. నేను స్టూడెంట్‌గా వచ్చినప్పుడు నేరుగా న్యూయార్క్‌లో దిగి అక్కడే ఉండిపోయాను, ఈ గొడవ నాకు తెలియనే తెలియదు.

సామాను_46కేజీలు · సోమవారం

ఇది అందరికీ వర్తించదండీ. పోయిన ఏడాది మా అత్తమామలు అబుదాబి మీదుగా చికాగో వచ్చి, అక్కడ విమానం మారి మా ఊరొచ్చారు. చికాగోలో పెట్టెలు ముట్టుకోలేదు. ఇమిగ్రేషన్ కూడా లేదు. పిన్నిగారు చెప్పేది పాత పద్ధతేమో.

ఓహేర్_బాబాయ్ · సోమవారం

పాతా కాదు, కొత్తా కాదు, ఊరు తేడా. అబుదాబిలో 2014 నుంచి అమెరికా వాళ్ళ ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడి ఎయిర్‌పోర్టులోనే ఉన్నాయి. విమానం ఎక్కకముందే ఆ తతంగమంతా అయిపోతుంది కాబట్టి చికాగోలో దిగేసరికి లోకల్ ప్రయాణికుల్లా దిగుతారు. గల్ఫ్‌లో ఆ సౌకర్యం అబుదాబికే. దోహాకు లేదు, దుబాయ్‌కి లేదు, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లకూ లేదు. అబుదాబి మీదుగా వచ్చేవాళ్ళకు మాత్రం వ్యవధి అక్కడ ఎక్కువ ఉండాలి, ఆ క్యూ అక్కడే నిలబడాలి గనక.

దుబాయ్ నుంచో దోహా నుంచో చికాగో వచ్చేవాళ్ళు టెర్మినల్ 5లో దిగుతారు. అక్కడే సామాను తీసుకుని, మళ్ళీ ఇచ్చి, రైలెక్కి 1కో 3కో పోవాలి.

దోహా_డ్యూటీ · సోమవారం

అక్కా, నేను దోహాలనే ఉంట, పదకొండేండ్లాయె. మాది జగిత్యాల దిక్కు. నువ్వేం పరేషాన్ గాకు.

విమానం దిగి నడుస్తాంటె బోర్డుల మీద రెండు దార్లు కనవడ్తయి. అరైవల్స్ అని ఒకటి, ట్రాన్స్‌ఫర్స్ అని ఒకటి. అరైవల్స్ దిక్కు పోతే ఊర్లకు పోయే తొవ్వ, అటు పోవద్దు. ట్రాన్స్‌ఫర్స్ పట్టుకొని పోతే సెక్యూరిటీ ఒకటి ఉంటది. అది దాటితే పెద్ద హాలు, నడుమల పసుపు పచ్చ ఎలుగుబంటి బొమ్మ, తల మీద దీపం. అంత పెద్దది తప్పిపోదామన్నా తప్పిపోరు. "ఏమన్నయితే ఎలుగుబంటి కాడికి రా" అని మీ నాన్నకు, మీ అమ్మకు ముందే చెప్పిపెట్టు. మేం గూడ ఎవలనన్న కలవాల్నంటె అక్కడికే రమ్మంటం.

అమెరికా విమానాలకు గేటు కాడ మల్ల ఒకసారి చెక్ జేస్తరు, ప్రశ్నలు అడుగుతరు. అందుకే గేటుకు జల్ది పోవాలె. విమానం లేసే టైము గాదు, బోర్డింగ్ పాసు మీదున్న గేటు టైము సూసుకోవాలె. ఇంకోటి, గేటు నంబరు మారుతది. కాగితం మీదున్నది గాదు, టీవీల ఏముంటే అదే కరెక్ట్.

భాష గురించి అయితే ఫికరే లేదు. ఊడ్చేటోళ్ళు, బండ్లు తోసేటోళ్ళు, దుకాన్ల ఉండేటోళ్ళు సగం మంది మనోళ్ళు, నేపాలోళ్ళు, కేరళోళ్ళు. మీ నాన్న నంద్యాల మనిషంటున్నవ్, హిందీ అంతో ఇంతో వస్తది గద? సరిపాయె.

టైము ఒకటి యాది పెట్టుకో. దోహా మనకంటే రెండున్నర గంటలు ఎనుక. బోర్డింగ్ పాసు మీద ఏ ఊరి టైము ఆ ఊర్దే. ఇండియా టైము ఉన్న గడియారం కట్టుకొని "విమానం పోయింది" అని ఏడ్చినోళ్ళను నేను కండ్లార సూసిన.

నల్లమల_పిల్ల · సోమవారం

తమ్ముడూ, ఎలుగుబంటి సంగతి నాన్నకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. నవ్వుతున్నారు. హిందీ బాగానే వస్తుంది, డిపోలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉండేవారు. వాచీ సంగతి కూడా చెప్పాను: దోహాలో దోహా టైము, అమెరికాలో దిగగానే మా టైము పెట్టుకోమని.

వీల్‌చైర్ పెట్టించమంటారా? మా ఆఫీసులో అందరూ "కళ్ళు మూసుకుని పెట్టించెయ్, ఇంగ్లీషు గొడవ ఉండదు" అంటున్నారు.

రెండు_మోకాళ్ళు · సోమవారం

దయచేసి ఆ "కళ్ళు మూసుకుని" వద్దు. మా అమ్మ నిజంగా నడవలేదు. పోయిన వేసవిలో ఒక ఎయిర్‌పోర్టులో విమానం తలుపు దగ్గర కుర్చీ కోసం నలభై నిమిషాలు కూర్చున్నాం. ముందు వరుసలో ఇరవై కుర్చీలు వెళ్ళాయి. అందులో సగంమంది ఇమిగ్రేషన్ దాటగానే లేచి చకచకా బెల్టు దగ్గరికి నడిచారు, పెట్టెలు కూడా వాళ్ళే లాక్కున్నారు. మాకు తర్వాతి విమానం తప్పిపోయింది.

సామాను_46కేజీలు · సోమవారం

మీ బాధ అర్థమైంది. కానీ పదహారు గంటలు కూర్చుని దిగిన డెబ్బై ఏళ్ళ మనిషికి, భాష రానప్పుడు, వేరే దారి ఏముంది చెప్పండి? కుర్చీ అడిగిన ప్రతివాళ్ళూ దొంగలు కారు.

రెండు_మోకాళ్ళు · సోమవారం

దొంగలని నేననలేదు. కుర్చీలు పరిమితం అంటున్నాను.

ఓహేర్_బాబాయ్ · సోమవారం

దారి ఉంది. వీల్‌చైర్ కాకుండా "మీట్ అండ్ అసిస్ట్" అని ఇంకో సాయం ఉంటుంది. మనిషి వచ్చి వెంట నడిపించుకు వెళ్తాడు, కుర్చీ ఉండదు. టికెట్‌లో దాని కోడు ఎంఏఏఎస్. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి భాష రాని పెద్దవాళ్ళు అని చెప్పి అడగాలి. కొందరు ఊరికే ఇస్తారు, కొందరు డబ్బు తీసుకుంటారు, కొందరు మా దగ్గర లేదంటారు. ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందు అడగాలి.

నల్లమల అమ్మాయీ, మీ అమ్మగారికి మోకాళ్ళు నిజంగానే నొప్పి అంటున్నావు కాబట్టి ఆవిడకొక్కరికే కుర్చీ పెట్టించు, నాన్నగారు పక్కన నడుస్తారు. ఇద్దరికీ అక్కర్లేదు. పాస్‌పోర్టులు, బోర్డింగ్ పాసులు మాత్రం నాన్నగారి జేబులోనే ఉండాలి. కుర్చీ తోసే అతను ఒకచోట కూర్చోబెట్టి "ఇప్పుడే వస్తా" అని వెళ్ళడం మామూలే. గేటు టైము దగ్గరపడుతుంటే లేచి అడగాలి, అతను వస్తాడని కూర్చోకూడదు. డల్లాస్‌లో పెట్టెలు దించడానికి కూడా అతనే సాయం చేస్తాడు. చేతిలో ఐదు డాలర్లు పెడితే బాగుంటుంది, తప్పనిసరేం కాదు.

డల్లాస్_పిన్ని · మంగళవారం

కుర్చీ గొడవ తేలింది గనక ఇమిగ్రేషన్ గురించి చెప్తా. క్యూలో ఇద్దరూ కలిసే వెళ్ళాలి, భార్యాభర్తలని చెప్తే ఒకే ఆఫీసర్ దగ్గరికి పంపుతారు. అడిగేవి మూడు నాలుగే: ఎందుకు వచ్చారు, ఎవరింటికి, ఎన్నాళ్ళుంటారు, తిరుగు టికెట్ ఉందా. నీ అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఉండాలి, ఫోన్‌లో ఉంటే చాలదు, చార్జింగ్ అయిపోతుంది. అర్థం కాకపోతే బిక్కమొహం వేయకుండా "తెలుగు" అని ఒక్క మాట అంటే చాలు, ఫోన్‌లో తెలుగు వచ్చిన మనిషిని కలుపుతారు.

ఒక మాట మాత్రం బాగా చెప్పి పంపు. మనం తెలుగులో "మనవణ్ణి చూసుకోడానికి వచ్చాం" అంటాం, ప్రేమతోనే. దాన్నే ఇంగ్లీషులో చెప్తే పిల్లాణ్ణి సాకే పనికి వచ్చినట్టు వాళ్ళకు వినబడుతుంది. ఆ వీసా మీద పని కూడదు. "చూడ్డానికి" అన్నా, "చూసుకోడానికి" అన్నా మనకు ఒకటే, వాళ్ళకు కాదు. వచ్చేది కూతురితో నాలుగు రోజులు గడపడానికే కదా, అదే చెప్పమను.

ఇంటికొచ్చాక నువ్వు చేయాల్సింది: ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు వాళ్ళు రాసుకునే రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి ఎప్పటిదాకా ఉండనిచ్చారో చూడు. వీసా పదేళ్ళదైనా ఒక్క విడతకు సాధారణంగా ఆరు నెలలే ఇస్తారు.

కొత్తగా_చేరా · మంగళవారం

ఫోన్‌లో మొబైల్ పాస్‌పోర్ట్ యాప్ వేసుకుంటే క్యూ తప్పుతుందండీ. మా నాన్నగారు పది నిమిషాల్లో బయటికొచ్చారు.

ఓహేర్_బాబాయ్ · మంగళవారం

మీ నాన్నగారికి గ్రీన్ కార్డు ఉండుంటుంది. సిటిజన్లకూ గ్రీన్ కార్డు వాళ్ళకూ పనికొస్తుంది. ఇండియన్ పాస్‌పోర్టు మీద విజిటర్ వీసాతో వచ్చేవాళ్ళకు కుదరదు.

కొత్తగా_చేరా · మంగళవారం

అవును, గ్రీన్ కార్డే. సారీ.

పచ్చడి_జాడీ · మంగళవారం

అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదేంటి? పెట్టెల్లో ఏం పెడుతున్నారు?

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఎండు మాంసం వద్దు. పచ్చి కరివేపాకు అసలొద్దు. నిమ్మజాతి చెట్లను పాడుచేసే పురుగు దాని మీద వస్తుందని అమెరికా వాళ్ళకు మహా పట్టింపు. మామిడిపళ్ళు, జామకాయలు, కూరగాయలు, విత్తనాలు కూడా అంతే. ఆవకాయ, గోంగూర, పొడులు, అరిసెలు, జంతికలు మామూలుగా అందరం తెచ్చుకునేవే. ఏం తెచ్చినా "తినేవి ఉన్నాయా" అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. చెప్పి చూపిస్తే కూడనిది ఉంటే తీసి పారేస్తారు, అంతటితో సరి. లేదని చెప్పి దొరికితే జరిమానా.

పచ్చడి సీసా చేతిసంచిలో పెట్టొద్దు, నూనె కనుక దాన్ని ద్రవం కింద లెక్కగడతారు. పొడులూ అంతే: 2018 నుంచి అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడి చేతిసంచిలో ఉంటే విప్పి పరీక్షిస్తారు. కిలో కారప్పొడి గేటు దగ్గర విప్పించుకుని తుమ్ములు ఎందుకు? అన్నీ పెద్ద పెట్టెలోనే. ఎండు కొబ్బరి మాత్రం పెద్ద పెట్టెలో కూడా ఇండియాలోనే ఆపేస్తారు. నూనె ఎక్కువ, వేడికి అంటుకుంటుందని 2022లో నిషేధించారు. పవర్ బ్యాంకు దీనికి తిరగేసి: చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కూడదు.

దుబాయ్, అబుదాబి మీదుగా వచ్చేవాళ్ళెవరైనా చదువుతుంటే: గసగసాలు పెట్టకండి. మనకు మసాలా దినుసు, యూఏఈలో మాదకద్రవ్యం లెక్క. పావు కిలో గసాలకు జైలు ఎందుకు.

రెండు_మోకాళ్ళు · మంగళవారం

భోజనం గురించి ఒకటి. టికెట్‌లో "హిందూ మీల్" పెడితే శాకాహారం అనుకుంటారు, చాలా ఎయిర్‌లైన్లలో అందులో కోడి, చేప, మేకమాంసం ఉంటాయి, గొడ్డుమాంసం ఉండదు అంతే. శాకాహారులైతే "ఏషియన్ వెజిటేరియన్" పెట్టాలి. మా అమ్మ మొదటిసారి మూత తీసి చూసి పదహారు గంటలు పస్తు ఉంది.

మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో. పెద్ద పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చినా బీపీ మాత్ర ఆగకూడదు.

దోహా_డ్యూటీ · మంగళవారం

ఫోన్ ముచ్చట గూడ చెప్త. వైఫై ఫ్రీ. కని వాట్సాప్ కాల్ గల్ఫ్‌ల సక్కగ నడవది. దుబాయ్, అబుదాబిలనయితే బందే. మెసేజ్ పోతది, మాట రికార్డు జేసి పంపితే పోతది. మీ అమ్మకు మైకు బొమ్మ నొక్కి మాట్లాడుడు నేర్పు. కాల్ కలుస్తలేదని నువ్వు ఆడ, ఆల్లు ఈడ బుగులు వడకుండ్రి.

నల్లమల_పిల్ల · బుధవారం

అందరూ చెప్పినవి కలిపి ఒక అట్టముక్క మీద రాశాను. ఒకవైపు దోహా, ఒకవైపు డల్లాస్. పై వరుసలో బోర్డు మీద కనబడే ఇంగ్లీషు మాట పెద్దక్షరాల్లో, దాని కింద తెలుగులో ఏం చేయాలో. డల్లాస్ వైపు మొదటి లైను ఎర్ర స్కెచ్ పెన్నుతో: "ట్యాగు మీద రాలీ అని ఉన్నా సరే, ఇక్కడ నాలుగు పెట్టెలూ తీసుకోవాలి." ఫోటో నాన్నకు పంపాను. లామినేషన్ చేయించారట.

డల్లాస్_పిన్ని · బుధవారం

నాలుగు పెట్టెలకూ ఒకే రంగు రిబ్బను కట్టించు. మన పెట్టెలన్నీ నల్లవో నీలంవో. రాలీలో నువ్వు సామాను బెల్టు దాకా రావచ్చు, ఇండియాలోలా బయట నిలబడక్కర్లేదు. ఇంకా ముందుకు, గేటు దగ్గరికే వెళ్ళాలంటే కౌంటర్‌లో నీ ఐడీ చూపించి ఎస్కార్ట్ పాస్ అడుగు. ఇవ్వడం వాళ్ళ ఇష్టం, పెద్దవాళ్ళని చెప్తే తరచుగా ఇస్తారు. డల్లాస్‌లో ఇమిగ్రేషన్ ఆలస్యమై రాలీ విమానం తప్పినా గాభరాపడొద్దు, ఒకే టికెట్ కాబట్టి తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత వాళ్ళదే. అదే వేర్వేరు టికెట్లు కొని ఉంటే దిక్కులేదు.

నల్లమల_పిల్ల · ఐదు వారాల తర్వాత

వచ్చేశారు! ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి, ఇంట్లో పండగలా ఉంది.

దోహా అసలు సమస్యే కాలేదు. ఎలుగుబంటి దగ్గర ఫోటో దిగారు. కుర్చీ తోసిన నేపాలీ అబ్బాయితో నాన్న హిందీలో వాళ్ళ ఊరి బస్సుల గురించి మాట్లాడుకుంటూ వెళ్ళారట. డల్లాస్‌లో ఇమిగ్రేషన్ యాభై నిమిషాలు. "తెలుగు" అనాల్సిన అవసరం రాలేదు, నాన్నే జవాబు చెప్పారు. పెట్టెలు నాలుగూ తీసుకుని మళ్ళీ ఇచ్చారు. బెల్టు దగ్గర ఇంకో తెలుగు పెద్దాయన మీ ట్యాగు మీద రాలీ అనుంది కదా, ఎందుకు దించుతున్నారు అని అడిగితే నాన్న అట్టముక్క చూపించారట. ఆయనా వెనక్కి పరుగెత్తి తన పెట్టెలు దించుకున్నారు. సెక్యూరిటీలో చెప్పులు విప్పబోతే వద్దన్నారు. 2025 జులై నుంచి మానేశారు కదా, నేను చెప్పడం మర్చిపోయాను.

అసలు తమాషా గేటు దగ్గర. రాలీ విమానం 6:40కి. నాకు నాన్న నుంచి వాయిస్ మెసేజ్: "అమ్మా, బండి వెళ్ళిపోయినట్టుంది. ఆరూ నలభై ఐదయింది. ఇక్కడ ఎవరూ ఎక్కలేదు, మనం వచ్చేలోపే తీసేశారేమో. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు." గొంతు వణుకుతోంది. నేను కారు పక్కకు ఆపి ఫోన్‌లో చూస్తే విమానం డల్లాస్‌లోనే ఉంది. అప్పుడు వెలిగింది. "అమెరికాలో దిగగానే మా టైము పెట్టుకోండి" అన్నది నేనే. రాలీ డల్లాస్ కంటే గంట ముందు. నాన్న బుద్ధిగా మా టైమే పెట్టుకున్నారు. అక్కడ అప్పటికి 5:45 మాత్రమే.

ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒకే దేశంలో రెండు టైములేంటే, చార్టు ఎట్లా రాస్తారు?" అన్నారు. రెండు కాదు నాన్నా, ఇంకా ఉన్నాయి అని చెప్పలేదు.

డల్లాస్_పిన్ని · అదే రోజు

అయ్యో, ఇన్నేళ్ళుగా ఇక్కడుండి నాకూ తట్టలేదు చూడు. నేను అందరికీ ఇచ్చే కాగితంలో ఈ లైను ఇప్పుడే కలిపాను.

దోహా_డ్యూటీ · అదే రోజు

ఎలుగుబంటి ఫోటో పెట్టక్కా.

నల్లమల_పిల్ల · అదే రోజు

నాన్నను అడిగి పెడతా తమ్ముడూ. తిరుగు ప్రయాణానికి ఇంకో వాచీ కొనమంటున్నారు, ఒక చేతికి డల్లాస్, ఒక చేతికి దోహా అట.